అరచేతిలో కాటమరాజు

యాదవులకు కాటమరాజు కథ పాడే మందహెచ్చులవారి పెట్టె మూత తీస్తే లోపల ఒక బలగమే ఉంటుంది. కాటమరాజు, ఆయన అన్నదమ్ములు, గంగమ్మ, దేవతలు, వీరులు, ఆడపడుచులు... అందరూ కొయ్యబొమ్మలే. పూర్తి జట్టులో యాభైకి పైగా ఉంటాయి. జానెడు ఎత్తువి కొన్ని, మూర దాటినవి కొన్ని. యాదవుల ఊళ్లో కథ మొదలయ్యే ముందు వాటిని వరసగా నిలబెట్టి పూజ చేస్తారు. పాటలో ఎవరి వంతు వస్తే ఆ బొమ్మను కథకుడు చేతిలోకి తీసుకుని జనానికి చూపిస్తాడు. కొన్ని రాత్రుల పాటు సాగే ఆ కథలో పాత్రధారులు ఆ బొమ్మలే.

చరిత్రలోని యోధుల చిన్న బొమ్మలు తెచ్చుకుని, వాటికి ఆ కాలపు బట్టలు, ఆయుధాల రంగులు వేయడం చాలా దేశాల్లో పేరున్న హాబీ. చిన్నప్పుడు మొదలుపెట్టి, చదువు, ఉద్యోగం, పిల్లల బాధ్యతల్లో పడి వదిలేసి, తీరిక దొరికాక మళ్లీ కుంచె పట్టేవాళ్లు ఇందులో ఎక్కువ. మన దగ్గర ఈ ఆసక్తి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది నెపోలియన్ సైనికుడు, రోమన్ దళపతి, రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఉండేవారికి మాత్రం అంత దూరం పోవాల్సిన పని లేదు. వీరుల బొమ్మలు చెక్కి, రంగులు వేసి, కథకు నిలబెట్టిన పనివాళ్లు ఈ పాత వరంగల్ జిల్లాలోనే ఉన్నారు. రంగులకు ఎదురుచూస్తున్న వీరులకూ ఇక్కడ కొదవ లేదు.

పుల్లరి కోసం యుద్ధం

కాటమరాజు కథ కులపురాణంగా బతికింది గానీ దాని వెనుక చరిత్ర నీడ ఉంది. కనిగిరి ప్రాంతంలోని ఎర్రగడ్డపాడు నుంచి కరువుకు తాళలేక కాటమరాజు ఆవులమందలను దక్షిణానికి తోలుకెళ్తాడు. నెల్లూరు రాజు పచ్చిక బీళ్లలో మేపుకోవడానికి ఒప్పందం కుదురుతుంది. మేపినందుకు కట్టాల్సిన పుల్లరి దగ్గర మాట తేడా వస్తుంది. చివరికి పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరుగుతుంది. పాటలో ఆ రాజు పేరు నల్లసిద్ధి. చరిత్రకారులు ఈ కథను 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కాలంతో ముడిపెడతారు. మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఆయన మంత్రే. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి తరఫున తిక్కన ఓరుగల్లు వచ్చి కాకతీయ గణపతిదేవుడి సాయం అడిగాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అలా పాలేరు ఒడ్డు కథకు ఓరుగల్లు కోటతోనూ చుట్టరికం ఉంది.

ఆ యుద్ధంలో నెల్లూరు పక్షాన పోరాడినవాడు ఖడ్గ తిక్కన. కవి తిక్కనకు దాయాది. ఓడి ఇంటికి వచ్చిన ఆయనకు భార్య ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి స్నానానికి నీళ్లు తోడిందని, తల్లి విరిగిన పాలు పోసిందని, ఆ దెప్పులకు తట్టుకోలేక తిరిగి కత్తి పట్టి వెళ్లి ప్రాణం విడిచాడని చాటు కథలు చెబుతాయి. బొమ్మలకు రంగులు వేసేవాడికి ఇంతకంటే మంచి ఘట్టం దొరకదు. మంచం, పసుపు ముద్ద, పాలచెంబు, తల దించుకున్న యోధుడు, ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు. మూడు బొమ్మలు, మూడు వస్తువులతో కథంతా పీట మీదకు వస్తుంది.

ఈ వీరగాథలను ఊరూరా సేకరించి అచ్చు వేయించిన పరిశోధకుడు తంగిరాల వెంకట సుబ్బారావు. పాటలో ఏ పాత్ర ఏ సందర్భంలో వస్తుందో తెలుసుకోవాలంటే ఆయన కాటమరాజు కథల సంపుటాలు మొదటి ఆధారం.

నకాషీల చేతిపని

మందహెచ్చులవారు కథ చెబుతారు, బొమ్మలు మాత్రం చేయరు. అది చేర్యాల చిత్రకారులైన నకాషీల పని. చేర్యాల జనగామకు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలుగా వేరుపడ్డాయి, చేర్యాల మాత్రం సిద్దిపేట జిల్లాలో కలిసింది. అసెంబ్లీ నియోజకవర్గం లెక్కలో ఇప్పటికీ అది జనగామలోనే ఉంది.

నకాషీల పేరు చెప్పగానే గుర్తొచ్చేది పటం. ఎర్రటి నేల మీద అడ్డవరసలుగా కథంతా గీసిన పొడవాటి గుడ్డ చుట్ట. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు కథ చెప్పేది ఆ పటాలు పట్టుకునే. యాదవులకు చెప్పే మందహెచ్చులవారి దగ్గర మాత్రం పటానికి బదులు బొమ్మలు ఉంటాయి. అంటే అదే చిత్రకారుడు ఒక కులానికి గుడ్డ మీద గీసిన వీరుణ్ని, ఇంకో కులానికి కొయ్యలో నిలబెట్టాడన్నమాట.

బొమ్మకు వాడేది పొణికి కర్ర. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకూ ఇదే ఆధారం. చాలా తేలిక, ఉలికి మెత్తగా తెగుతుంది. మొండెం, తల కర్రలో చెక్కుతారు. ముక్కు, చెవులు, నగలు, తలపాగా ముడతల వంటివి రంపపు పొట్టును చింతగింజల జిగురులో కలిపిన ముద్దతో తీరుస్తారు. దాని మీద జిగురులో ముంచిన పాత గుడ్డ పీలికలు అతికిస్తారు. పగుళ్లు రాకుండా పట్టి ఉంచేది ఈ గుడ్డే. ఆరాక సుద్ద పూత. ఒకటి ఆరాక ఇంకొకటి వేసి నున్నగా రుద్దితే తెల్లటి బొమ్మ సిద్ధమవుతుంది. అసలు రంగుల పని అప్పుడు మొదలవుతుంది.

పాతకాలంలో రంగులన్నీ ఇంట్లో నూరుకున్నవే. తెలుపుకు శంఖం, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు, పసుపుకు హరితాళం, ఎరుపుకు ఇంగిలీకం. కలపడానికి చెట్టు జిగురు. సన్నగీతకు ఉడుత వెంట్రుకల కుంచె. ఈ పట్టికలో ఒక హెచ్చరిక కూడా ఉంది. హరితాళంలో ఉండేది ఆర్సెనిక్, ఇంగిలీకంలో ఉండేది పాదరసం. సంప్రదాయం మీద ప్రేమతో వీటిని ఇంట్లో నూరబోతే ఆరోగ్యానికే ముప్పు. నకాషీలు కూడా ఇప్పుడు ఎక్కువగా బజారు రంగులే వాడుతున్నారు. కుంచె మొన తీరడానికి పెదాల మధ్య పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఏ రంగుతో పని చేసినా దాన్ని మానుకోవాలి.

చూపు ఎంత దూరం?

యూరప్‌లో ఈ బొమ్మల కథ వేరేగా నడిచింది. 18వ శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతపు తగరపు పనివారు తగరాన్ని పలచటి రేకు మందంలో పోసి, రెండు వైపులా రంగులు వేసిన సైనికులను అమ్మారు. తర్వాతి శతాబ్దంలో వాటికి 30 మిల్లీమీటర్ల ఎత్తు ఒక కొలతగా స్థిరపడింది. 1893లో లండన్‌లోని విలియం బ్రిటన్ సంస్థ సీసపు బొమ్మను లోపల బోలుగా పోయడం మొదలుపెట్టింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మధ్యలోది వంచేయడమే కిటుకు. లోహం ఆదా అయింది, ధర తగ్గింది, జర్మన్ బొమ్మలకు గట్టి పోటీ వచ్చింది. ఆ సంస్థ వాడిన 54 మిల్లీమీటర్ల ఎత్తు ఇప్పటికీ సేకరణకర్తలకు ప్రామాణికం. 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' పేరుతో ఈ బొమ్మలతో ఆడుకునే యుద్ధాలకు నియమాలు రాసి పుస్తకం వేశాడు. తర్వాత ప్లాస్టిక్, రెజిన్, నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు వచ్చాయి. సీసం విషమని తెలిశాక లోహపు బొమ్మల తయారీదారులు సీసం లేని తగరపు మిశ్రమాల వైపు మళ్లారు.

54 మిల్లీమీటర్ల బొమ్మకు తల ఏడు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. కన్ను ఒక మిల్లీమీటరు. గది వెలుతురులో అంత చిన్న ముఖం మీద నీడలు వాటంతట అవి సరిగా పడవు. అందుకే పాశ్చాత్య పద్ధతిలో వెలుగునీడలను కుంచెతోనే వేస్తారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడనుకుని నుదురు, ముక్కు, భుజాల మీద లేత రంగు, గడ్డం కింద, చంకల్లో, మడతల లోతుల్లో ముదురు రంగు. బాగా పలచన చేసిన ముదురు రంగును గుంటల్లోకి పారించడం ఒక పద్ధతి. దాదాపు ఆరిన కుంచెతో ఎత్తుల మీద లేత రంగును రాయడం ఇంకొకటి.

నకాషీ బొమ్మలో ఈ లెక్క ఏదీ కనిపించదు. ముఖమంతా ఒకటే రంగు. ధోవతి అంతా ఒకటే రంగు. మధ్యలో నీడలు లేవు. నల్లటి గీత మాత్రం ఉంటుంది. కనుబొమ్మ, మీసం, నగల అంచు, బట్ట అంచు అన్నీ ఆ గీతతో తెగ్గొట్టినట్టు విడిపోతాయి. కళ్లు ముఖానికి మించి పెద్దవి. దీన్ని చూసి పాశ్చాత్య పద్ధతి నేర్చినవారు మొదట మొరటు పని అనుకోవచ్చు. రాత్రిపూట దీపం వెలుగులో, నేల మీద కూర్చున్న జనంలో చివరి వరసవారికి ఆ బొమ్మ ఎవరిదో తెలియాలన్నది గుర్తొస్తే ఆ అభిప్రాయం మారుతుంది. అంత దూరానికి సన్నటి నీడలు కలిసిపోయి మసకబారుతాయి. పెద్ద కన్ను, గట్టి గీత, నిండు రంగు మాత్రమే అక్కడిదాకా చేరతాయి.

రెండు పద్ధతులూ చిన్న బొమ్మను కంటికి ఆనించడానికే పుట్టాయి. ఒకటి బల్ల మీద, చేతి దూరంలో చూసేవాడి కోసం. ఇంకొకటి పందిరి కింద, ఇరవై ముప్పై అడుగుల దూరంలో కూర్చున్నవాడి కోసం. కుంచె పట్టేముందు తన బొమ్మను ఎవరు ఎంత దూరం నుంచి చూస్తారన్నది తేల్చుకుంటే సగం నిర్ణయాలు అక్కడే అయిపోతాయి. గాజు అలమరలో ఒంటరిగా నిలిచే వీరుడికి వెలుగునీడలు కావాలి. సంక్రాంతికో దసరాకో కొలువులో గదికి అడ్డంగా చూసే బొమ్మకు నకాషీ గీతే మేలు.

చత్వారం వచ్చాక కుంచె

పదిహేనేళ్లప్పుడు వదిలేసి నలభై అయిదులో మళ్లీ మొదలుపెట్టేవారికి మొదటి ఆటంకం కళ్లే. నలభై దాటాక దగ్గరి వస్తువుల మీద చూపు నిలపడం కంటికి కష్టమవుతుంది. చత్వారపు అద్దాలు మామూలుగా పుస్తకం దూరానికి ఇస్తారు. బొమ్మను అంతకంటే దగ్గరగా పట్టుకుంటారు కాబట్టి, పని చేసే దూరం కొలిచి కంటి డాక్టరుకు చెబితే దానికి తగ్గ అద్దాలు రాసిస్తారు. తలకు తగిలించుకునే భూతద్దం ఇంకొక మార్గం. తెల్లటి ఎల్‌ఈడీ దీపాన్ని కుంచె పట్టిన చేతికి ఎదురు వైపున పెట్టుకుంటే చేతి నీడ బొమ్మ మీద పడదు.

రెండో ఆటంకం చెయ్యి. పాత నైపుణ్యం మొదటి రోజే తిరిగి వస్తుందనుకుంటే నిరాశ తప్పదు. రెండు మణికట్టులనూ బల్లకు ఆనించి, ఎడమ చేతిలో బొమ్మ, కుడి చేతిలో కుంచె పట్టుకుని, కుంచె పట్టిన చేతి చిటికెనవేలిని ఎడమ చేతికి తాకించి ఉంచితే వణుకు బాగా తగ్గుతుంది. బొమ్మను నేరుగా పట్టుకోకుండా పాత మందుసీసా మూత మీదో చెక్కముక్క మీదో అతికించుకుంటే వేళ్ల జిడ్డు రంగుకు అంటదు.

చాలామంది చేసే పొరపాటు మరీ సన్న కుంచె కొనడం. మూడు వెంట్రుకల కుంచెలో రంగు నిలవదు, బొమ్మ దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. పొట్ట నిండుగా ఉండి, మొన మాత్రం సూదిలా తేలే ఒకటి, రెండు నంబర్ల కుంచెలు చాలా పనులకు సరిపోతాయి. రంగును సీసాలోంచి నేరుగా వేయకూడదు. పాలలా పలచగా కలిపి రెండు, మూడు పూతలు వేయాలి. ఎండాకాలంలో మన ఊళ్లలో యాక్రిలిక్ రంగు పళ్లెంలోనే బిగుసుకుపోతుంది. మూతపడే డబ్బాలో తడిపిన స్పాంజి, దాని మీద బేకరీలో వాడే నూనె అంటని కాగితం పరచి, ఆ కాగితం మీద రంగు కలిపితే గంటల కొద్దీ తడి నిలుస్తుంది. రెజిన్ బొమ్మలను రుద్దాల్సి వస్తే నీళ్లలో తడిపి, ముఖానికి మాస్కు కట్టుకునే రుద్దాలి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నకాషీ దారిలో వెళ్లాలనుకునేవారికి ఖర్చు ఇంకా తక్కువ. పొణికి కర్ర దొరకని చోట కాగితపు గుజ్జు, రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి జిగురు ముద్ద చేసుకోవచ్చు. చేర్యాలలో ముసుగులు, చిన్న బొమ్మలు ఇప్పుడు ఇలాంటి ముద్దలతోనూ తయారవుతున్నాయి.

పటాలు తగ్గాక

కథకుల వల్లే నకాషీలకు పని ఉండేది. కథకుడికి ఊళ్ల మీద వంశపారంపర్య హక్కు ఉన్నంతకాలం పటాలు, బొమ్మలు అడిగి చేయించుకునేవారు. పాతబడిన పటాన్ని నదిలో కలిపి, కొత్తదానికి పూజ చేసి తెచ్చుకునేవారు. సినిమా, టీవీ వచ్చాక కథలు తగ్గాయి, వాటితోపాటే గిరాకీ. చాలా కుటుంబాలు కుంచె వదిలేశాయి. హైదరాబాద్‌లోని కళాసేకర్త జగదీశ్ మిత్తల్ వంటివారు పాత పటాల విలువ గుర్తించి సేకరించడం, చేతివృత్తుల సంస్థలు ఆర్డర్లు ఇవ్వడం మొదలయ్యాక కొందరు తిరిగి వచ్చారు. ధనాలకోట కుటుంబం ఇందులో ముందుంది. ఆ ఇంటి వైకుంఠం నకాష్‌కు జాతీయ పురస్కారం దక్కింది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే పని తీరు మారింది. ముప్పై అడుగుల పటానికి బదులు గోడకు వేలాడదీసే ఒక్క చిత్రం. యాభై బొమ్మల జట్టుకు బదులు ముసుగులు, పెన్ను స్టాండ్లు, తాళంచెవుల గొలుసులు. కాటమరాజు జట్టు మొత్తం ఒకేసారి చేయించుకునేవారు అరుదు. ఇక్కడే అభిరుచి ఉన్నవారికి ఒక దారి ఉంది. పెద్ద కంపెనీ పెట్టె కొనే డబ్బుతో రెండు మూడు నకాషీ బొమ్మలు చేయించుకోవచ్చు. రంగు వేయని బొమ్మ కావాలని అడిగి, తమ చేతులతో రంగు వేసుకోవచ్చు. పక్కన కూర్చుని గీత ఎలా లాగుతారో చూస్తే ఏ వీడియోలోనూ దొరకని పాఠం దొరుకుతుంది.

పాపన్న తలపాగా ఏ రంగు?

బొమ్మల కోసం ఎంచుకునే వీరుడు ఎవరైనా, ఆధారాలు వెతకడమే ఈ హాబీలో సగం సంతోషం. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఇప్పటికీ ఉంది. కల్లుగీత కులంలో పుట్టి, దండు కట్టి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో మొఘల్ సేనల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నవాడు ఆయన. ఖాఫీఖాన్ వంటి మొఘల్ చరిత్రకారులు ఆయన్ను దొంగగా రాశారు, జానపద కథకులు వీరుడిగా పాడారు. కాలం స్పష్టంగా తెలుసు కాబట్టి 17వ శతాబ్దపు గోల్కొండ చిత్రాలు చూస్తే ఆనాటి దక్కనీ యోధుడి అంగీ, నడుముకు చుట్టిన పట్కా, అందులో దోపిన కటారు, వంపు కత్తి, తోలు డాలు, వత్తి తుపాకి తెలుస్తాయి. తలపాగా రంగు మాత్రం ఏ చరిత్రకారుడూ రాయలేదు. అది బొమ్మ చేసేవాడి ఇష్టం.

కాకతీయ సైనికుడు కావాలనుకుంటే శిల్పాలే పుస్తకాలు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి పీఠం చుట్టూ ఏనుగుల వరస సాగుతుంది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లలో గజకేసరి శిల్పాలు ఉన్నాయి. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళి రాసినవాడు. ఏనుగు మీద కూర్చున్న ఆ సేనానిని బొమ్మగా చేస్తే, పక్కన నర్తకిని నిలబెట్టినా తప్పేమీ లేదు. జెండా మీద కాకతీయుల వరాహ లాంఛనం ఉండాలి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు శాసనంలో కాకతీయుల వంశావళి దొరుకుతుంది. ఎవరి తర్వాత ఎవరన్నది సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది. నగలకు, కిరీటాలకు జనగామ పక్కనే ఉన్న పెంబర్తికి వెళ్లి ఇత్తడి రేకు మీద సుత్తితో ఎత్తి తీసే పనిని చూస్తే, లోహం మీద వెలుగు ఎక్కడ మెరుస్తుందో, ఎక్కడ నల్లబడుతుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

శిల్పాలు బట్ట మడతను చూపిస్తాయి, రంగును చూపించవు. అందుకే అనుభవమున్నవారు ప్రతి బొమ్మ పీఠం అడుగున రెండు జాబితాలు రాస్తారు: ఏది ఆధారంతో వేశారు, ఏది ఊహతో వేశారు అని. పాపన్న బొమ్మ కింద ఆధారాల జాబితాలో పట్కా, కటారు, డాలు వస్తాయి. తలపాగా ఎరుపు రెండో జాబితాలోకి వెళ్తుంది. రేపు ఎక్కడైనా పాత చిత్రం ఒకటి బయటపడితే, ఆ ఒక్క రంగు మార్చుకుంటే సరిపోతుంది.